అడ్డచాలు

బసవమ్మకి తెల్లారగానే ముందు చెవులు మేలుకునేవి, ఆ తరవాతే కళ్ళు. పెరటి తలుపు దగ్గర పీట వేసుకుని, పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని, గుట్టవైపు చెవి ఒగ్గి కూచునేది. ముందు కనుమ దగ్గర ఒక బెల్లు మోగేది. తరవాత గరుసు మీద టైర్లు జరజరా జారే చప్పుడు, బ్రేకుల కీచులు, ఎవడో ఎవణ్ణో తిట్టే తిట్టు. బావి దగ్గరికి వచ్చేసరికి చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. అందరూ సైకిళ్ళు దిగారన్నమాట. అప్పుడు ఆవిడ నీళ్ళబిందె చంకనెత్తుకుని లేచేది.

గుట్టకి అవతల కొత్తపేట. అక్కడి మగవాళ్ళంతా గుట్టకి ఇవతలున్న సున్నపురాయి క్వారీలో పనిచేసేవాళ్ళు. రోడ్డున రావాలంటే గుట్టనంతా చుట్టుకుని, జగ్గయ్యపేట తారురోడ్డెక్కి, మళ్ళీ మట్టిరోడ్డు పట్టుకుని రావాలి. కనుమలోంచి దిగితే బావి, బావి దాటితే బసవమ్మగారి మెట్టచేను, చేను దాటితే క్వారీ గేటు. అందుకని అక్కడ సైకిలు దారి పడింది. పడిందంటే దానంతటది పడలేదు. బసవమ్మ భర్త బ్రహ్మయ్య పడనిచ్చాడు.

"నడవండ్రా. కానీ నా చేలో నే చెప్పినట్టు నడవాలి" అన్నాడాయన.

బావికి ఒర లేదు. దారి పడ్డ కొత్తలో ప్రేమానందం అనే కుర్రాడు ఏటవాలులో బ్రేకు పడక సైకిలుతో సహా అందులో పడ్డాడు. ఈత వచ్చు గనక మనిషి బతికాడు. సైకిలు పైకి తియ్యడానికి మాత్రం గాలాలు వేసి ఊరంతా తంటాలు పడింది. ఆనాటి నుంచీ బావి దగ్గర ఎంతటివాడైనా దిగి నడవాల్సిందే. చేలో ఒకరి వెనక ఒకరు పోవాలి. వాన పడ్డనాడు కనుమ దగ్గర కంప అడ్డం కనపడితే సైకిలెక్కకూడదు. నల్లరేగడి మడ్‌గార్డులో కూరుకుపోతే పక్కనించి పోదామనిపిస్తుంది, పక్కనించి పోతే దారి లావెక్కుతుంది, దారి లావెక్కితే మిరపతోట సన్నబడుతుంది. అందుకని రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళు పాతించాడు. ఎండాకాలం ఒక ఆదివారం కొత్తపేట వాళ్ళే వచ్చి గరుసు తట్టలు మోసి గుంటలు పూడ్చిపోయేవాళ్ళు.

అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఏరువాకనాటి అడ్డచాలు.

జ్యేష్ఠ పున్నమినాడు ఊళ్ళో అందరూ ఎద్దుల కొమ్ములకి రంగులు పూసి మొదటిచాలు తోలుకునేవాళ్ళు. బ్రహ్మయ్య మాత్రం తన మొదటిచాలు ఆ దారికి అడ్డంగా తోలేవాడు. నాగలి దారిని కోసుకుంటూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోయేది. అవతల సైకిళ్ళన్నీ ఆగి ఉండేవి. చాలు పూర్తయ్యాక వాళ్ళలో పెద్దవాడు కొబ్బరికాయ కొట్టి, "నేల మీది, నడక మాదండీ. పొమ్మంటే పోతాం" అనేవాడు. "పోయిరండి" అనేవాడు బ్రహ్మయ్య. అప్పుడొకడు ముందుకొచ్చి చాలు మట్టిని కాలితో తొక్కి చదునుచేసేవాడు. మళ్ళీ ఏరువాక దాకా దారి తెరిచినట్టే. ఆయన పోయాక ఆ మాట బసవమ్మ అంటోంది.

ఇక నీళ్ళబిందె సంగతి. బావి దగ్గర దిగి నడిచొచ్చేవాళ్ళలో ముందుండేది ఆ బావిలో పడ్డ ప్రేమానందమే. ఇప్పుడతను క్వారీలో మేస్త్రీ, మీసాలు నెరుస్తున్నాయి. దారి పక్కన సైకిలు స్టాండేసి, వంగి దోసిలి పట్టేవాడు. ఆవిడ పైనించి నీళ్ళు పోసేది. దోసిలి పట్టి వంగిన మనిషి ఏం మాట్లాడుతున్నాడో పక్కవాడికి తెలియదు. గుక్కకీ గుక్కకీ మధ్య అతను చెప్పేవాడు.

"అమ్మాయి బాగుందమ్మా."

ఆ ఒక్కమాట కోసమే ఆ బిందె.

అమ్మాయంటే ప్రమీలారాణి, బసవమ్మకి ఒక్కగానొక్క కూతురు. క్వారీలో లారీలు బాగుచేసే బుల్లిబాబుని చేసుకుంది. వాళ్ళు మనవాళ్ళు కాదు. తండ్రి వద్దన్నాడు, పిల్ల వినలేదు. ఒక సాయంత్రం చెప్పులు చేతబట్టుకుని, ఈ దారినే, చేను దాటి, బావి దాటి, గుట్టెక్కి పోయింది. బసవమ్మ పెరటి తలుపు దగ్గర నిలబడి చూసింది. పిలిస్తే ఆగేదేమో. పిలవలేదు. కనుమ దగ్గర పిల్ల ఒకసారి వెనక్కి తిరిగింది. అంతే.

"దాన్ని ఈ గడప తొక్కనివ్వను. దాని పేరు ఈ ఇంట్లో వినపడకూడదు" అన్నాడు బ్రహ్మయ్య. ఆయన పోయిననాడు ప్రమీల కనుమ దాకా వచ్చి అక్కడే నిలబడింది. పాడె లేచేదాకా ఆ పిల్ల పసుపుచీర కొంగు గుట్టమీద ఎగురుతూనే ఉంది. దిగి రమ్మని ఎవరూ అనలేదు. ఏడుస్తున్న బసవమ్మ తలెత్తి చూసేసరికి అక్కడ ఎవరూ లేరు. బుల్లిబాబుకీ పౌరుషమే. మావగారి చేలో కాలుపెట్టనని రోజూ రోడ్డున చుట్టుతిరిగి క్వారీకి వచ్చేవాడు. అందుకని తల్లికీ కూతురికీ మధ్య మిగిలింది ఆ సైకిలు దారీ, ప్రేమానందం నోట్లో ఒక ముక్కా.

ఆ ఏడు, ఎనభై మూడో సంవత్సరం, ఆ ముక్క కొంచెం పెద్దదైంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ప్రమీల నీళ్ళోసుకుంది. "అయిదోనెలమ్మా." "ఏడోనెలమ్మా, కాళ్ళవాపులంట." "తొమ్మిది పడిందమ్మా." రోజూ ఆ మాట వింటే బసవమ్మకి అన్నం దిగేది, వినకపోతే దిగేది కాదు.

సరిగ్గా ఆ ఏడే భవానీప్రసాద్ దారి మూయిస్తానన్నాడు.

భవానీప్రసాద్ బ్రహ్మయ్య తమ్ముడి కొడుకు. పెదనాన్న పోయాక పెద్దమ్మ పొలం అతనే చేస్తున్నాడు. చెడ్డవాడు కాదు. ఆవిడకి జ్వరమొస్తే తనే పక్కన కూచునేవాడు. కానీ చిన్నబాబు అనే కంట్రాక్టరు కొత్తగా లారీలు కొని, కనుమలోంచి రాయి తోలితే రోజుకి ఇంకో ట్రిప్పు పడుతుందని లెక్కవేస్తున్నాడు. "అది పబ్లిక్ దారే గదా, ఇన్నేళ్ళబట్టి జనం నడవట్లా?" అని కాఫీ హోటల్లో అన్నాడు. ఆ మాట ప్రసాద్ చెవిన పడ్డప్పటి నుంచీ అతనికి నిద్రలేదు. పెద్దమ్మని బస్సెక్కించి నందిగామ తీసుకుపోయాడు.

ప్లీడరు భావనారాయణగారు వరండాలో కూచోబెట్టి, అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, వాళ్ళు తమ హక్కన్నట్టు ఏళ్ళ తరబడి నడిస్తే రేపు అది హక్కే అవుతుంది. దారన్నాక సైకిలేమిటి, లారీ ఏమిటి అని ఆ కంట్రాక్టరు వాదిస్తాడు. అలా కాకుండా మిమ్మల్ని అడిగి, మీరు ఊ అంటేనే నడుస్తున్నారనుకోండి, అప్పుడది మీ దయ. దయగా ఇచ్చినదాని మీద హక్కు రాదు. ఏమ్మా, అడిగే నడుస్తున్నారా?"

బసవమ్మ నోటిదాకా వచ్చింది. ఏటా అడుగుతారండీ, కొబ్బరికాయ కొట్టి మరీ అడుగుతారు. కానీ పక్కన ప్రసాద్ ఉన్నాడు. ఎవరడుగుతారంటాడు. ప్రేమానందం అనాలి. ఆ ప్రేమానందానికి రోజూ నీళ్ళెందుకు పోస్తున్నావంటాడు. ఒక దారం లాగితే ఇంకోటి వస్తుంది, చివర ప్రమీల పేరుంటుంది.

"నడుస్తున్నారండి" అంది.

"అడిగేనా?"

"ఎప్పణ్ణించో నడుస్తున్నారు."

"అడగడమేంటండీ!" అన్నాడు ప్రసాద్. "వాళ్ళ బాబు రోడ్డులాగా పోతారు. మా పెద్దమ్మ పైగా మంచినీళ్ళిచ్చి పంపిస్తది."

అతనికి అడ్డచాలు సంగతి తెలియదు. చదువంతా గుంటూరు హాస్టల్లో అయింది. వచ్చాక కూడా ఏరువాకనాడు తన పొలంలో తన ఎద్దుల దగ్గరుండేవాడు. పెద్దమ్మ ఏదో శాస్త్రానికి ఒక చాలు తోలిస్తుందనుకునేవాడు.

"అయితే మూసెయ్యండి" అన్నారు ప్లీడరుగారు. "మూసినట్టు నలుగురికీ తెలిసేట్టు చెయ్యండి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బసవమ్మ కిటికీ ఊచ పట్టుకుని గుట్టవైపే చూస్తూ కూచుంది. నోరు తెరవనందుకు కూతురు ఇంకోసారి గుట్టెక్కి పోతున్నట్టుంది ఆవిడకి.

ఎండాకాలంలో ప్రసాద్ ఎద్దుల్ని అమ్మి ట్రాక్టరు తెచ్చాడు. "ఈ ఏడు ఏరువాక దీంతోనే పెద్దమ్మా. పంతులుగారు కూడా ఆ రోజే మంచిదన్నారు. మొదలు నీ చేలోనే."

"ఆ దారికి అడ్డంగా ఒక్క చాలు తోలు నాయనా. మీ పెదనాన్న తోలినట్టు."

"ఒక్కటేం ఖర్మ" అని నవ్వాడు ప్రసాద్.

ఆ నవ్వు ఆవిడకి నచ్చలేదు. కానీ ఏం నచ్చలేదో తెలియలేదు.

ఏరువాక ముందురోజు పొద్దున ప్రేమానందం దోసిలి పట్టి చాలాసేపు వంగే ఉన్నాడు.

"నడుం నొప్పంటందమ్మా. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగినట్టుంది, జగ్గయ్యపేట ఆస్పత్రికి తీసుకుపొమ్మంది."

బిందె ఒరిగి నీళ్ళు అతని మోచేతుల మీదుగా పోయాయి. "దగ్గరెవరున్నారు?"

"బుల్లిబాబుకి తల్లి లేదు గదమ్మా. మా ఆడది ఉంటంది."

"నే రాలేను ప్రేమానందం."

"తెలుసమ్మా. రేపు చాలు గదా. అందరికంటే ముందు నేనే దిగొచ్చి చెప్తా."

ఆ రాత్రంతా ఆవిడ కళ్ళు మూసుకుంటే పసుపుచీర, తెరిస్తే చీకటి. తెల్లవారుజామున ఎప్పుడో కునుకు పట్టింది.

లేచేసరికి ఏమీ వినపడలేదు. బెల్లు లేదు, టైర్ల చప్పుడు లేదు. ఊరంత రొద ఒకటి అన్నిటినీ మింగేస్తోంది. పరిగెత్తినట్టే వెళ్ళి పెరటి తలుపు తీసింది.

ట్రాక్టరు. ముందు మామిడాకులు, పసుపు కుంకాలు, కొత్త గుడ్డ కట్టి ముస్తాబు చేశారు. అది దారికి అడ్డంగా పోవట్లేదు. దారి వెంబడే, నిలువునా పోతోంది. క్వారీవైపు నుంచి బావివైపుకి, మళ్ళీ అక్కణ్ణించి ఇటు. సున్నం రాళ్ళు ఊడి దొర్లి పడి ఉన్నాయి. ఏళ్ళ తరబడి గరుసు పోసి తొక్కిన దారి పెళ్ళలు పెళ్ళలుగా లేచి, ఏది దారో ఏది చేనో తెలియకుండా పోయింది. ప్రసాద్ చివరి చాలు తోలి ట్రాక్టరు ఆపి దిగాడు. ఇద్దరు పాలేళ్ళు కర్రలు పట్టుకుని అతని పక్కన చేరారు.

రొద ఆగాక వినపడింది. కనుమ దగ్గర బెల్లు.

గుట్ట మీదినుంచి సైకిళ్ళు దిగుతున్నాయి. బావి దగ్గర అందరూ దిగారు. నడిపించుకుంటూ దుక్కి అంచుదాకా వచ్చి, బారుగా ఆగారు. ఎవడో కుర్రాడు ఈలవేశాడు.

"అబ్బో, ఈసారి ఏరువాక మహాజోరుగా ఉంది గురూ! ఒక్క చాలు చాలక చేనంతా దున్నారు."

"ట్రాక్టరు గదరా. ఊరికే కూచోదు" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

ప్రేమానందం నవ్వలేదు. ముందుకొచ్చి, దొర్లిపోయిన సున్నంరాయి ఒకటి వెతికి, దానిమీద కొబ్బరికాయ కొట్టాడు.

"నేల మీది, నడక మాదండీ. పొమ్మంటే పోతాం."

ప్రసాద్ మొహం ఎర్రబడింది. "ఏంట్రా ఈ నాటకం? దారి మూసేశాం. దున్నింది కనపడట్లా?"

"కనపడతందండి. దున్నితేనే గదండీ దారి తెరిచినట్టు."

"ఏంటీ?"

"ఏటా అంతే గదండీ. ఏరువాకనాడు దున్నుతారు, మేం అడుగుతాం, పొమ్మంటారు. ఈ రోజు దున్నారు గనకే కొబ్బరికాయ తెచ్చాం. ఇంకోరోజు దున్నితే అర్థం కాక వెనక్కి పోయేవాళ్ళం."

"ఎవర్రా చెప్పింది నీకు?"

"మీ పెదనాన్నగారండి."

ప్రసాద్ వెనక్కి తిరిగి ఇంటివైపు చూశాడు. బసవమ్మ తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ ప్రసాద్‌ని చూడట్లేదు, ప్రేమానందం సైకిలుని చూస్తోంది. హ్యాండిలుకి రోజూ వేలాడే అన్నం క్యారేజీ లేదు. మిగతా అందరి సైకిళ్ళకీ ఉంది. అతనొక్కడికే లేదు. పనికి పోయే మనిషి క్యారేజీ లేకుండా రాడు. అంటే పనికి రాలేదు, చెప్పడానికే వచ్చాడు. దోసిట్లో చెప్పే సంగతి అయితే రోజూలాగే వచ్చేవాడు గదా.

అప్పుడు బావి దగ్గరనించి గట్టిగా గొంతొకటి వినపడింది.

"అడుక్కోవడం దేనికిరా మీకు? సిగ్గులేదా?"

కంట్రాక్టరు చిన్నబాబు. ఇస్త్రీ చొక్కా, చేతిగడియారం, నల్లకళ్ళజోడు. సైకిళ్ళ వెనకాలే గుట్ట దిగొచ్చినట్టున్నాడు. "ఇన్నేళ్ళు నడిచారు. మీ హక్కిది. తొక్కుకుని పోండి. ఎవడాపుతాడో నేను చూస్తా."

"అడుగేస్తే కాళ్ళిరుగుతయ్!" అన్నాడు ప్రసాద్.

క్వారీలో సైరను కూసింది. మొదటి కూత. రెండోది కూసేలోపు గేటులో లేకపోతే ఆ రోజు పని లేదు. రోడ్డున వెళ్ళే టైము ఎప్పుడో దాటిపోయింది. సైకిళ్ళ బారు కదిలింది. ఇందాక ఈలవేసిన కుర్రాడు సైకిలు భుజానికెత్తుకుని దుక్కిలో దిగబోయాడు. పాలేరు కర్ర విసిరాడు. అది హ్యాండిలుకి తగిలి బెల్లు ఊడి ఎగిరిపోయింది. "కొట్టండ్రా!" అన్నారెవరో. వెనకనించి తోసుకొచ్చారు. ప్రేమానందం రెండు చేతులూ చాపి వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండ్రా! పొమ్మనలా! ఇంకా పొమ్మనలా!"

"పొమ్మనేదెవర్రా, దిగండి!" అన్నాడు చిన్నబాబు.

బసవమ్మకి అంతా ఒక్కసారే తెలిసింది. వీళ్ళు అడక్కుండా దిగితే రేపు లారీలు దిగుతాయి. వెనక్కి పోతే మళ్ళీ రారు. ఆ తరవాత దోసిలి ఉండదు, ఆ మాట ఉండదు. ఆవిడ గడప దాటింది.

దుక్కిలో నడవడం తేలిక కాదు. పెళ్ళ ఒకటి కాలికింద దొర్లి ఆవిడ మోకాళ్ళ మీద పడింది. ప్రసాద్ "పెద్దమ్మా!" అంటూ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. లేచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, మళ్ళీ నడిచింది. గొడవంతా ఆగి ఆవిడ్నే చూస్తోంది. దుక్కి దాటి అవతలి అంచు చేరి, ప్రేమానందం ఎదురుగా నిలబడింది.

"క్యారేజీ ఏదిరా?"

"తేలేదమ్మా."

"ఎక్కణ్ణించి వస్తున్నావు?"

అతను ప్రసాద్ వైపు చూశాడు, పాలేళ్ళ వైపు చూశాడు, తల దించుకున్నాడు. "మంచినీళ్ళేమన్నా..."

"బిందె తేలేదు. చెప్పు."

"ఇక్కడా అమ్మా?"

"ఇక్కడే. అందరూ వినేట్టు చెప్పు. నా కూతురు ప్రమీల ఎట్లా ఉంది?"

ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి వినపడని పేరు చేనంతా వినపడింది.

"రాత్రి పేట ఆస్పత్రిలో చేర్చామమ్మా. ఇంకా కాలేదు. ఆపరేషన్ చెయ్యాలంట. డాక్టరమ్మగారు వచ్చాక తీసుకుపోతారు. బుల్లిబాబు ఒప్పుకున్నాడు. అమ్మాయే, మా అమ్మని చూడందే లోపలికి పోనని మంచం పట్టుకుని కూచుంది. నన్ను పంపింది బుల్లిబాబేనమ్మా. ఆవిడ కాళ్ళు పట్టుకోనైనా తీసుకురా అన్నాడు."

బసవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క గుక్క. తరవాత తీసేసింది.

"ముందు అడుగు. ఇందాక అడిగావుగా, మళ్ళీ అడుగు. నాకెదురుగా."

"నేల మీది, నడక మాదమ్మా. పొమ్మంటే పోతాం."

ఆవిడ చిన్నబాబు వైపు తిరిగింది. "విన్నావా బాబూ? హక్కని రాలేదు వీళ్ళు. అడిగారు. ఏటా అడుగుతారు, ఏటా చెప్తా. సైకిళ్ళకి చెప్తా. లారీకి చెప్పను." ఆ తరవాత ప్రసాద్‌తో, "ప్లీడరుగారు ఇదే అడిగితే నోరు పెగల్లేదు నాయనా. నువ్వు దారి మూశాననుకున్నావు. ఏరువాకనాడు దున్నావు. మీ పెదనాన్న చేసిన పనే చేశావు, కాస్త ఎక్కువగా" అంది.

"పోయిరండి" అంది బసవమ్మ, సైకిళ్ళ బారుతో.

"చాలు తొక్కాలమ్మా, ఎవరన్నా ముందు..." అన్నాడు ఈలవేసిన కుర్రాడు, ఊడిన బెల్లు జేబులో వేసుకుంటూ.

"ఇందాక నేను తొక్కలా? ఈ ఏడు మొదటి అడుగు నాదే. పోండి, సైరనవుతుంది."

నలభై సైకిళ్ళు భుజాలకెక్కాయి. పాలేళ్ళు పక్కకి తప్పుకున్నారు. పెళ్ళలు తొక్కుకుంటూ, పడుతూ లేస్తూ, ఒకరి వెనక ఒకరు పరిగెత్తారు. అంత హడావుడిలోనూ ఒకరి వెనక ఒకరే. చిన్నబాబు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, బావి పక్కనించి వెనక్కి నడిచాడు.

"పెద్దమ్మా" అన్నాడు ప్రసాద్. "పెదనాన్న మాట..."

"దాన్ని రానివ్వనన్నాడు. నన్ను పోవద్దనలేదుగా." ఆవిడ అప్పటికే సైకిలు వెనక క్యారియరు పట్టుకుని చూస్తోంది. "దీనిమీద ఎట్లా కూచుంటార్రా?"

ప్రేమానందం తడబడ్డాడు. "నా సైకిలు మీదా అమ్మా? ఊళ్ళో చూస్తే..."

"ఊరు ఇప్పటిదాకా చూస్తూనే ఉంది. పట్టుకో."

అతను సైకిలు ఒంచి పట్టుకున్నాడు. ఆవిడ ఒకవైపుగా కూచుని, రెండు చేతులతో సీటు కింద స్ప్రింగు పట్టుకుంది. అతను నడిపిస్తూ నెట్టాడు. నాలుగడుగులు పోయాక బావి వచ్చింది.

"ఆపు" అంది బసవమ్మ.

"ఏమ్మా?"

"బావి. దిగాలి."

"నేను నడిచే నెడతన్నాగదమ్మా. మీకు కూడానా?"

"ఎంతటివాళ్ళైనా అన్నాడు ఆయన. ఆగు." దిగింది. చెప్పులు లేవు, మోకాళ్ళ దగ్గర చీరంతా మట్టి. బావి పక్కనించి, గట్టు వారగా, నిదానంగా నడిచింది. బావి దాటాక మళ్ళీ ఎక్కింది.

ఎగువ నిటారుగా ఉంటుంది. ప్రేమానందం నెట్టలేక రొప్పుతుంటే సగం దారిలో దిగి నడిచింది. వెనక్కి తిరగకూడదనుకుంది కానీ కనుమ చేరాక తిరిగింది. కింద చేను నల్లగా, పచ్చిగా ఉంది. నలభైమంది కాళ్ళు తొక్కిన గీత ఒకటి దాని నడుమ అప్పుడే సన్నగా పడింది. దాని పక్కన భవానీప్రసాద్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఊడిపోయిన సున్నంరాయి ఒకటి రెండు చేతులతో ఎత్తుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తున్నాడు.

ప్రమీల నిలబడ్డ చోటు ఇదే. ఇక్కణ్ణించి పెరటి తలుపు ఎంత చిన్నదిగా కనపడుతుందో బసవమ్మకి ఇంతకాలం తెలియదు. తలుపు దగ్గర మనిషి ఉన్నదీ లేనిదీ కూడా సరిగా తెలియదు. ఆ రోజు అది వెనక్కి తిరిగినప్పుడు తల్లి నిలబడి ఉందని చూసిందో లేదో. అడగాలి. బతికుంటే అడగాలి. ఆ మాట మనసులోకి రాగానే కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కూచోండమ్మా. ఇక దిగుడే. గట్టిగా పట్టుకోండి, బ్రేకు వేసుకుంటా పోతా."

ఆవిడ కూచుంది. కొత్తపేట ఇళ్ళు, వాటి అవతల జగ్గయ్యపేట రోడ్డు, దానిమీద పాకుతున్న బస్సు కనపడ్డాయి. కాలు నేలమీంచి తీశాడు ప్రేమానందం.

"బెల్లు కొట్టు" అంది బసవమ్మ.

"అది మన చేలోకి దిగేటప్పుడు గదమ్మా."

"కొట్టరా. ఇటుపక్క మాత్రం ఎదురుచూసేవాళ్ళు లేరా?"

అతను బెల్లు కొట్టాడు. కింద ఎక్కడో కుక్క మొరిగింది. టైర్లు గరుసు మీద జరజరా జారాయి. ఆవిడ స్ప్రింగుని రెండు చేతులా బిగపట్టుకుంది.